నీలాంబరి దెబ్బ

కర్ర మళ్లీ ఆగిపోయింది.

బెన్నీ నుదుటికి వేలెడు ఎడంలో ఆగింది. స్పాంజి చుట్టి, పైన టేపు వేసి బొద్దుగా చేసిన ఆ కర్ర కాస్త కూడా వణకలేదు. రాక్షసుడి వేషం బెన్నీది. దెబ్బ తగులుతుందన్న లెక్కలో అతను అప్పటికే వెనక్కి విరుచుకుని పరుపు మీద పడిపోయాడు. తగలని దెబ్బకి పడిపోయిన రాక్షసుణ్ణి చూసి కంప్యూటర్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"కట్," అన్నాడు శ్రీకృష్ణ. "మళ్లీ అదే సైదా గారూ."

మళ్లీ అదేనని సైదాకి తెలుసు. నిజానికి ఆపాలని ఆమె అనుకోలేదు. ఈసారి ఏమైనా సరే ఆపకూడదనుకునే కర్ర ఎత్తింది. కాళ్లు విన్నాయి, నడుము విన్నది, భుజం కూడా విన్నది. చివర్లో మణికట్టు ఒక్కటే మాట వినలేదు. తన చెయ్యి మీద తనకే ఇంత కోపం రావడం సైదాకి కొత్త.

మంగళగిరిలో ఆ ఆఫీసు ఒక చేనేత చీరల కొట్టు పైన ఉంది. కింద పెళ్లివాళ్లకి చీరలు విప్పి చూపిస్తుంటారు, పైన యుద్ధం జరుగుతుంటుంది. యుద్ధమంటే చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక ఖాళీ హాలు, నేలమీద నల్లటి పరుపులు, గోడల చుట్టూ కెమెరాలు. సైదా వేసుకున్న నల్ల సూటు నిండా గోళీకాయలంత తెల్ల బుడిపెలు. ఆ బుడిపెలు ఎటు కదిలితే తెర మీద నీలాంబరి అటు కదులుతుంది. నీలాంబరి అంటే వాళ్లు తయారుచేస్తున్న వీడియో గేమ్‌లో హీరోయిన్. చేతిలో నిప్పుకర్ర పట్టుకుని, రాక్షసుల కోటలో ఒక్కో అంతస్తూ గెలుచుకుంటూ పైకి పోవాలి. రేపు ఎక్కడో ఎవరో బటన్ నొక్కితే నీలాంబరి కొట్టే దెబ్బ సైదా కొట్టిన దెబ్బే. అందుకే పొదిలి దగ్గర ప్రైవేటు స్కూల్లో పిల్లలకి డ్రిల్లు చెప్పుకుంటున్న మనిషిని, ఆమె కర్రసాము వీడియో ఒకటి చూసి, వాకబు చేసి మరీ పిలిపించారు.

శ్రీకృష్ణ ఆ దెబ్బని తెర మీద నెమ్మదిగా తిప్పి చూపించాడు. ఈ ఆటలో పోరాటాలన్నిటికీ అతనే బాధ్యుడు. మంచివాడే. గొంతు పెంచడు. కానీ కళ్ల కింద నల్లగా ఉంది, టీ మీదే బతుకుతున్నట్టున్నాడు.

"అడుగు బాగుంది. కర్ర తిరగడం చాలా బాగుంది. ఇదిగో, ఇక్కడ చూడండి." పెన్ను కొసతో తెర మీద తట్టాడు. "ఇక్కడికొచ్చేసరికి మీ దెబ్బ అబద్ధమైపోతోంది."

సైదా ముఖం ఎర్రబడింది. "ఆపడం అబద్ధమెట్లా అవుద్ది సార్? మా దగ్గర సామంటేనే ఆపడం. కొట్టడానికేముంది, కర్ర దొరికితే ఎవరైనా కొడతారు."

"మీ దగ్గర కాదనను. కానీ ఆగడం మేం పెట్టుకుంటాం మేడమ్. దెబ్బ తగలగానే ఆటని చిటికెంతసేపు ఆపుతాం. అప్పుడే ఆడేవాడికి గట్టిగా తగిలినట్టు అనిపిస్తుంది. అదంతా కంప్యూటర్లో చేసుకునే పని. మీ దగ్గర్నుంచి మాకు కావాల్సింది ఆగని దెబ్బ. రాక్షసుణ్ణి దాటి అవతలికి పోవాలి."

ఆగడం మేం పెట్టుకుంటాం. ఆ మాట ఆమెకి మింగుడు పడలేదు. గడ్డం కింద చెమట తుడుచుకుని, వెనక్కి నడిచి, గుర్తు వేసిన చోట నిలబడింది. బెన్నీ లేచి హెల్మెట్ సర్దుకున్నాడు. కర్ర లేచింది, తిరిగింది, దిగింది, ఆగింది.

మధ్యాహ్నం దాకా అదే తంతు. బెన్నీ బదులు ఇసక సంచీ వేలాడదీస్తే దాని చర్మం ఊడేలా కొట్టింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. సంచీ తీసి మనిషిని పెట్టగానే మళ్లీ మొదటికొచ్చింది. సంచీతోనే కానిచ్చేద్దామంటే కుదరదట, కొట్టేవాళ్ల ఒళ్లూ దెబ్బ తినేవాళ్ల ఒళ్లూ ఒకేసారి కదిలితేనే పోరాటం పోరాటంలా ఉంటుందట. కళ్లు మూసుకుని కొట్టమన్నారు. కళ్లు మూసుకున్నా కర్ర అక్కడే ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, అది ఇంకా అన్యాయంగా అనిపించింది.

టీ దగ్గర బెన్నీ పక్కకొచ్చి కూర్చున్నాడు. వాడరేవు కుర్రాడు, చీరాలలో జిమ్ము నడుపుతాడు, ఇక్కడ పిలిచినప్పుడల్లా వచ్చి రాక్షసుడై చచ్చిపోయి వెళ్తాడు.

"కళ్లు మూసుకుని కూడా ఎట్లా ఆపుతున్నావక్కా? ఎవరు నేర్పారు?"

"మా తాత. బుడాన్ అని."

"ఏం చేసి నేర్పాడు?"

సైదాకి చెప్పాలనిపించలేదు. కానీ పొద్దుట్నుంచీ తన చేతిని తప్పుపట్టకుండా మాట్లాడిన మనిషి ఇతనొక్కడే. "ఆట అయిపోయాక ఆయన తన కర్ర కింద పెట్టేసి, ఉత్త చేతుల్తో ఎదురుగా నిలబడతాడు. మనం ఉన్న బలమంతా పెట్టి తల మీదికి దెబ్బ తీయాలి. కనుబొమల మధ్యకొచ్చేసరికి ఆపాలి. అదే మేం గురువుకి పెట్టే దణ్ణం. రోజూ దాంతోనే ఆట ముగిసేది."

"ఆపలేకపోతే?"

"ఆపకుండా ఎట్లా ఉంటాం? ఎదురుగా తాత ముఖం ఉంటది కదా. ఆయన రెప్ప కూడా వెయ్యడు."

"ఎప్పుడూ?"

"నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఒక్కసారి కూడా వెయ్యలేదు."

బెన్నీ టీ గ్లాసు చేతిలో తిప్పాడు. "నేను మాత్రం హెల్మెట్లో పదిసార్లు వేస్తున్నా," అన్నాడు.

*

సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. తల్లి ఖాదర్‌బీ తీసి, రెండు మాటలు మాట్లాడి, "మీ తాత నా ప్రాణం తీస్తన్నాడు, ఇదిగో మాట్లాడు," అని ఫోన్ ఇచ్చేసింది.

"ఏమ్మా, ఎక్కించారా నీ దెబ్బ కంప్యూటర్లోకి?"

"ఎక్కిస్తున్నారు తాతా."

"నేను టీకొట్టు దగ్గర చెప్పాలే. వెంకయ్య నమ్మడే. కర్రసాము చేసేవాళ్లకి ఇప్పుడు ఎవడు డబ్బులిచ్చి పిలుస్తాడు బుడానూ అంటాడు. మన ఆట ఫోన్లోకి వచ్చుద్ది, మీ మనవళ్లు ఆడతారు చూడరా, అన్నా. నోరు మూశాడు."

"ఎందుకు తాతా అందరికీ చెప్పడం? ఇంకా అవనియ్."

"అవకేం చేస్తది?"

ఫోన్ పెట్టేసి సైదా మెట్ల మీదే ఉండిపోయింది. ఊళ్లో పీర్ల పండక్కి ఒకప్పుడు పీర్ల ముందు నడిచేది తాత కర్రలే. ఇప్పుడు డీజే బండి నడుస్తోంది. నేర్చుకుంటామని వచ్చినవాళ్లు ఒక్కొక్కళ్లే మానేశారు. మిగిలింది మనవరాలు. ఈ నీలాంబరి గనక తన చేతి నుంచి జారిపోతే తాత సాము ఇక ఎక్కడా ఉండదు. ఊరి బయట మిరపకాయలు ఆరబోసే కల్లంలో ఇద్దరూ ఆడుకోవడమే. తర్వాత అదీ ఉండదు. ఆ సంగతి ఇక్కడ ఎవరికి చెప్పగలదు? చెప్తే మాత్రం కర్ర ఆగడం ఆగుతుందా? లేచి గదిలోకి వెళ్లింది. మంచం మీద కూర్చుని కుడి మణికట్టుని ఎడం చేత్తో పట్టుకుని, చెడిపోయిన వస్తువుని చూసినట్టు చూసుకుంది.

*

మర్నాడు ఇంకా ఘోరంగా ఉంది. నిన్న ఆగిన చోట ఆగకూడదని చెయ్యి బిగబట్టింది, దాంతో కర్ర తిరగడం కూడా చెడింది. వంకరగా వెళ్లిన దెబ్బ ఒకటి బెన్నీ భుజానికి రాసుకుంటూ పోతే వెంటనే కర్ర పడేసి "తగిలిందా, తగిలిందా" అంటూ పరిగెత్తింది. శ్రీకృష్ణ తల పట్టుకున్నాడు.

"మేడమ్, తగలాలి. తగలడమే మన పని. అతను ప్యాడ్లు వేసుకుంది అందుకే. మీరు సారీ చెప్పేస్తే ఆ టేకు మొత్తం పోతుంది."

"చెప్పకూడదనే అనుకున్నానండి."

"నీలాంబరి సారీ చెప్పదు."

భోజనాలయ్యాక శ్రీకృష్ణ ఆమెని కిటికీ దగ్గరికి పిలిచాడు. కింద బజారులో చీరల కొట్టు ముందు కారు ఆగి ఉంది, ఎవరో ఆడవాళ్లు పెద్ద సంచులు ఎక్కిస్తున్నారు. అతను వాళ్లనే చూస్తూ మాట్లాడాడు.

"క్లయింటు పొద్దున్న మళ్లీ మెయిల్ పెట్టాడు. దెబ్బలో బరువు లేదంటున్నాడు. రేపు హైదరాబాద్ నుంచి ఒకబ్బాయి వస్తున్నాడు. సినిమాల్లో ఫైట్లు చేస్తాడు. మీరు వెళ్లిపోనక్కర్లేదు. కర్ర ఎట్లా పట్టుకోవాలో అతనికి చూపించండి. కర్ర తిరిగేదాకా మీది పెట్టుకుంటాం, దెబ్బ దగ్గర అతనిది అతికిస్తాం."

సైదాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. "అంటే దెబ్బ నాది కాదా?"

"తిరగడం మీదే కదా."

"తిరగడం ఎవరికి కావాలి సార్? ఊరికే తిప్పేదాన్ని సామంటారా ఎవరైనా? రేపు మా తాతకి ఏమని చూపియ్యాలి? ఇక్కడిదాకా నేను, ఇక్కణ్ణుంచి ఎవరో సినిమా అబ్బాయి అనా?"

"నేనేం చేయనండి?" అన్నాడు శ్రీకృష్ణ. నిజంగానే అతను చేయగలిగిందేమీ లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. సైదాకి అది ఇంకా కోపం తెప్పించింది. తిట్టుకోవడానికైనా ఒక చెడ్డవాడు దొరికి ఉంటే బాగుండేది.

హాల్లోకి తిరిగొచ్చేసరికి బెన్నీ పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు.

"అక్కా, ఒకటి చెప్తా, ఏమనుకోకు. నువ్వు కొట్టేటప్పుడు నా కళ్లల్లోకి చూస్తన్నావు. ఈ హెల్మెట్ జాలీలోంచి కూడా నా కళ్లు వెతుక్కుంటన్నావు. నీ కర్ర ఆగేది అక్కడే."

"అక్కడే చూడాలి మరి. అట్లాగే నేర్చుకున్నా."

"ఇక్కడొద్దు. నా వెనకాల గోడ చూడు. గోడ మీద కెమెరా ఉంది కదా, దాని కింద ఎర్ర లైటు. నేను లేననుకో. మధ్యలో ఏమీ లేదనుకో. లైటుని కొట్టు."

"కళ్లు మూసుకుంటేనే ఆగింది."

"మూసుకున్నా నీకు నేను కనపడతానే ఉన్నా అక్కా. లైటు వేరు."

సైదా గుర్తు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎదురుగా బెన్నీ హెల్మెట్ పెట్టుకున్నాడు. జాలీ వెనక అతని కళ్లు మెరిశాయి. ఆమె చూపుని బలవంతాన పక్కకి తీసి, అతని చెవి పక్కగా, భుజం మీదుగా, గోడ దాకా పోనిచ్చింది. ఎర్ర లైటు. దాన్నే చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా బెన్నీ మసకబారాడు. ఒక నల్లటి మరకలా మిగిలాడు. కర్ర ఎత్తింది.

ధభీమని చప్పుడైంది. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి వెంటనే తెలియలేదు. చేతుల్లోంచి భుజాల దాకా అదురు పాకింది. బెన్నీ పరుపు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఈసారి అతను కావాలని పడలేదు.

"ఓకే!" అని అరిచాడు శ్రీకృష్ణ. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. కంప్యూటర్ల దగ్గరున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. బెన్నీ పడుకునే బొటనవేలు పైకెత్తి చూపించాడు. "బతికే ఉన్నా," అన్నాడు హెల్మెట్లోంచి.

సైదా అతని దగ్గరికి పరిగెత్తలేదు. తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది తను పరిగెత్తలేదని. అప్పుడు మాత్రం తెర వైపు చూస్తోంది. తెర మీద నీలాంబరి కర్ర రాక్షసుడి తల మీద పడి, చిటికెంతసేపు ఆగి, నిప్పులు చిమ్మి, అవతలికి వెళ్లిపోయింది. బాగుంది. చాలా బాగుంది. రెండు రోజులుగా లోపల గడ్డకట్టిన చిరాకంతా ఆ ఒక్క దెబ్బతో దిగిపోయినట్టుంది. "ఇంకోటి చేద్దామా సార్?" అని తనే అడిగింది.

సాయంత్రం దాకా కొట్టింది. తల దెబ్బ, భుజం దెబ్బ, మోకాలి దెబ్బ, తిరిగి వెనకనుంచి పక్కటెముకల దెబ్బ. ప్రతిదానికీ గోడ మీద ఒక చోటు వెతుక్కుంది. చివర్లో బెన్నీ సూటు విప్పితే భుజం కమిలి ఉంది. ఐసు పెట్టుకుంటూ నవ్వాడు. హైదరాబాద్ అబ్బాయిని రావద్దని శ్రీకృష్ణ ఫోన్ చేసి చెప్పేశాడు.

*

శనివారం ఊరికి బయల్దేరి సైదా గుంటూరులో బస్సు మారింది. అద్దంకి దాటాక ఫోన్ మోగింది. శ్రీకృష్ణ మెసేజి పెట్టాడు. క్లయింటుకి బాగా నచ్చిందట, నీలాంబరి దెబ్బలన్నీ మీవేనండి, సోమవారం నుంచి మొదలుపెడదాం అని. కింద చిన్న వీడియో. సైదా దాన్ని దర్శి దాకా చూస్తూనే ఉంది. పక్క సీట్లో ముసలమ్మ తొంగి చూసి, "ఎవరమ్మా ఆ పిల్ల, అట్లా కొడతంది?" అని అడిగితే, "నేనే," అంది. ముసలమ్మ ఆమెని ఒకసారి, ఫోన్‌ని ఒకసారి చూసి, తన సంచీ ఒళ్లోకి లాక్కుంది.

తాత వీడియోని ఇంటి అరుగు మీద కూర్చుని చూశాడు. ఫోన్‌ని బారెడు దూరం పెట్టి, తల వెనక్కి వాల్చి చూశాడు. ఖాదర్‌బీ వాకిట్లోకొచ్చి "నీలం జుట్టేందే నీకు" అని నవ్వి లోపలికి పోయింది. తాత నవ్వలేదు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ చూశాడు.

"అడుగు మనదే," అన్నాడు. "ఆ తిప్పడం మనదే. ఎవడు చూసినా చెప్తాడు." అప్పటికి సంతోషంగానే ఉన్నాడు. "ఆ పడ్డవాడెవరు?"

"బెన్నీ అని. మంచబ్బాయి తాతా."

"తగిలిందా వాడికి?"

"తగలాలి. అదే కావాలన్నారు. ప్యాడ్లు ఉంటాయిలే."

"ఊ," అన్నాడు తాత. ఫోన్ ఆమెకిచ్చేసి, తుండు భుజాన వేసుకున్నాడు. "పొద్దున్నే కల్లంలోకి రా. వారమైంది చెయ్యి కదిపి."

ఆదివారం పొద్దున కల్లం ఖాళీగా ఉంది. మిరపకాయల బస్తాలన్నీ గుంటూరు కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయాయి. తాలుకాయలు కూడా ఊడ్చేశారు. పైగా మొన్న పడ్డ వాన కల్లాన్ని శుభ్రంగా కడిగేసింది. తడి ఆరిన గట్టినేల, ఒక చివర పొగాకు కాల్చే పాడుపడ్డ బ్యారన్ గోడ, అంతే. తాత లుంగీ ఎగ్గట్టి, వంగి నేలని ముట్టి కళ్లకద్దుకున్నాడు. సైదా కూడా ముట్టింది.

ఆట హాయిగా సాగింది. ఈ వారంలో మొదటిసారి సైదాకి ఊపిరి సాఫీగా ఆడింది. కర్రా కర్రా తగిలి టకటకమంటోంది. తాత ఈ వయసులో ఎక్కువ కదలడు, ఉన్నచోటే ఉండి ఆమెని చుట్టూ తిప్పుతాడు. "మోకాలు చూసుకో," అంటాడు. "ఆ మంగళగిరి పరుపుల మీద గెంతి కాళ్లు చెడగొట్టుకున్నావు," అంటాడు. ఆమె నవ్వింది. చెమటలు కారిపోతున్నాయి. స్పాంజి లేని కర్ర చేతికి తేలిగ్గా, తనదిగా అనిపించింది.

చాలు అన్నట్టు తాత చెయ్యెత్తాడు. నాలుగడుగులు నడిచి తన కర్రని కల్లం గట్టున పెట్టొచ్చాడు. బ్యారన్ గోడకి వీపు చేసి, ఉత్త చేతుల్తో, ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు తెరిచి చూశాడు.

సైదా వెనక్కి అడుగేసి కర్ర ఎత్తింది. భుజం మీదుగా తిప్పింది. కర్ర గాలిని కోస్తూ దిగింది. దిగుతున్నప్పుడు ఆమెకి గోడ కనిపించింది. తాత చెవి పక్కగా, బ్యారన్ గోడ మీద సున్నం పెచ్చు ఊడిపోయి ఒక ఎర్రటి ఇటుక బయటపడి ఉంది. ఆమె ఆ ఇటుకని చూస్తోంది. తాత మసకగా ఉన్నాడు.

ఎట్లా ఆపిందో ఆమెకి తెలియదు. మణికట్టు ఆపలేదు. ఒళ్లంతా వెనక్కి లాగి, కాళ్లు జారి, రెండు చేతులా పట్టి లాగితే ఆగింది. కర్ర కొస తాత నుదుటి మీద నెరిసిన వెంట్రుకల్ని తాకి ఉంది. వణుకుతోంది.

తాత రెప్ప వేశాడు.

ఒక్కసారే. వేసి, తెరిచాడు. ఎక్కడో ట్రాక్టరు పోతున్న చప్పుడు.

"తాతా," అంది సైదా.

"కల్లంలో మిరప ఘాటు ఇంకా పోలేదమ్మా," అన్నాడు తాత. తుండు కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. "కంట్లో పడింది."

సైదా నేలవైపు చూసింది. వాన కడిగిన నేల మీద ఒక్క గింజ కూడా లేదు. ఏదన్నా అనాలనుకుంది. బెన్నీ చెప్పిన మాట, ఎర్ర లైటు, క్లయింటు, హైదరాబాద్ అబ్బాయి, అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఏది చెప్పినా తాత ఊ అంటాడని తెలుసు. కర్ర దించింది. జేబులో ఫోన్ ఒకసారి అదిరి ఊరుకుంది.

"ఏముందిలే," అన్నాడు తాత. గొంతు మామూలుగానే ఉంది. "అలిసిపోయి ఉన్నావు. ఇంకోసారి చేద్దాం, పద. దణ్ణం సరిగ్గా పెట్టకుండా ఆట ఆపకూడదు."

ఆమె మళ్లీ వెనక్కి నడిచి తన చోట నిలబడింది. అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంది. తల వంచుకునే, ఈసారి తాత ముఖమే చూడాలి, కళ్లే చూడాలి, గోడ వైపు చూడకూడదు అని లోపల గట్టిగా అనుకుంది. అనుకుని తలెత్తింది.

తాత తన చోటికి ఇంకా రాలేదు. కల్లం గట్టు దగ్గర వంగి ఉన్నాడు. మోకాళ్ల మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచి, నడిచొచ్చి, గోడకి వీపు చేసి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు.

"ఊ, కొట్టమ్మా," అన్నాడు.

ఈసారి ఆయన చేతిలో కర్ర ఉంది.